నవ్విన అచ్చు

ముఖాల మాస్టారి చేతులు చూసినవాళ్ళకు ఆయన పనేమిటో వేరే చెప్పక్కర్లేదు. గోళ్ళ చుట్టూ చర్మం పగిలి, ఆ పగుళ్ళలో ప్లాస్టర్ పిండి ఇంకిపోయి ఉండేది. ఎంత సబ్బు అరగదీసినా ఆ తెలుపు వదిలేది కాదు. పెళ్ళికి ముందు మొదటిసారి పిల్లను చూడటానికి వెళ్ళినప్పుడు రెండు చేతులూ జేబుల్లో దాచుకుని కూర్చున్నారట. "పాపం, చేతులు లేని మనిషేమో అనుకున్నాను. అయినా సరేనన్నాను" అని ఆయన భార్య జీవితమంతా చెప్పి పదిమందినీ నవ్వించేది.

మాస్టారి తండ్రి ఇళ్ళ పైకప్పులకు ప్లాస్టర్ పూలు పోసేవారు. జనానికి పూల మీద మోజు తగ్గాక కొడుకు సినిమా స్టూడియోలో చేరారు. మొదట కోట గోడలు, స్తంభాలు పోశారు. తర్వాత తెగిపడే తలలు, కాలిన చెంపలు, పాతికేళ్ళ కుర్రాడికి ఎనభయ్యేళ్ళ ముడతలు. ముప్పై ఏళ్ళలో ఆయన చేతికింద కళ్ళు మూసుకుని కూర్చోని నటుడు లేడు. ఎంత పెద్దవాళ్ళయినా మూడు మాటలు వినాల్సిందే. "ముక్కుతో ఊపిరి తీసుకోండి. భయమేస్తే వేలెత్తండి. నవ్వు మాత్రం వద్దు, ప్లాస్టర్ ఏది పట్టుకుంటే అదే ఉండిపోతుంది." అచ్చు విప్పే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తనలో తాను అనుకునేవారు: "స్వామీ, నీ పనికి నకలు తీస్తున్నాను. తప్పుంటే నాది."

భార్య అదే స్టూడియోలో బట్టలు కుట్టేది. ముఖాల పని కొత్తగా నేర్చుకునే రోజుల్లో మాస్టారు మొట్టమొదట ఆవిడనే కూర్చోబెట్టారు. అప్పట్లో మెత్తటి ముద్దలు అవీ లేవు. ముఖానికి వాసలీన్ రాసి, నేరుగా ప్లాస్టర్ పోసెయ్యడమే. ఆయన కంగారులో, అలవాటు మాటగా, "మీరేం భయపడకండి" అన్నారు. కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని 'మీరు' అనేసరికి ప్లాస్టర్ కింద ఆవిడకు నవ్వాగలేదు. ఎడమ పెదవి కొస కాస్త పైకి లేచింది. అక్కడ బియ్యపుగింజంత సొట్ట పడింది. ప్లాస్టర్ దాన్ని పట్టేసుకుంది.

"చెడగొట్టావు. ఇదెందుకూ పనికిరాదు" అని మాస్టారు విసుక్కున్నారు.

"పనికిరాకపోతే అటక మీద పడెయ్. నా మీద కోపమొచ్చినప్పుడు దించుకుని తిట్టుకో. నేనైతే ఎదురుచెప్తాను, అది చెప్పదు" అంది ఆవిడ, చెవుల్లోంచి ప్లాస్టర్ గిల్లుకుంటూ.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. జబ్బు ఆ ముఖాన్ని సగం చేసి, నవ్వును కూడా తినేసి మరీ తీసుకుపోయింది. అటక మీద, ఆవిడ కుట్టిన పాత లుంగీగుడ్డలో చుట్టి, ఆ అచ్చు ఒక్కటి మిగిలింది.

అచ్చుల పనివాళ్ళకు తెలిసిన సంగతి ఒకటుంది. గుంట అచ్చును గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే అది గుంటలా కనబడదు. నిండు ముఖంలా కనబడుతుంది. మనం ఎటు నడిస్తే ఆ ముఖం అటే తిరుగుతుంది. మాస్టారు ఎప్పుడైనా మనసు బాగోలేనప్పుడు అచ్చు దించి, తలుపు చేరవేసుకుని, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగుసార్లు నడిచేవారు. వాళ్ళమ్మాయికి ఆ సంగతి తెలుసు. ఆ సమయంలో టీ తెస్తే లోపలికి వచ్చేది కాదు. గ్లాసు గుమ్మం బయట పెట్టి, ఒకసారి దగ్గి, వెళ్ళిపోయేది. తండ్రి సిగ్గుపడకూడదని ఆ పిల్ల తనంతట తాను ఏర్పరచుకున్న మర్యాద అది.

అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. తండ్రితోపాటే పని. ఆయన పోసిన సిలికాన్ తలలకు సూదితో ఒక్కొక్క వెంట్రుకే గుచ్చి కనుబొమలు, రెప్పలు తెప్పించేది.

ఆ ఏడు వాళ్ళకు వచ్చిన సినిమా మరమనుషులది. తోడులేనివాళ్ళకు తోడుగా ఇళ్ళకు పంపే బొమ్మలవి. అచ్చం మనుషుల్లా ఉంటాయి. విసుక్కోవు, అలగవు, ఎన్నిసార్లు చెప్పిన కథ అయినా కొత్తగా వింటాయి. పోనుపోను ఏదో భయంకరం జరుగుతుందట. ఏం జరుగుతుందో పనివాళ్ళకు చెప్పలేదు. గోదాములో వరసగా నిలబెట్టడానికి తొమ్మిది బొమ్మలు కావాలన్నారు. మాస్టారి దగ్గర తొమ్మిది ముఖాల అచ్చులు సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిది తలలు పోశాక తొమ్మిదో అచ్చు చెంపకు అడ్డంగా పగిలింది.

మేనేజరు మెట్ల మీద నుంచే కేకలేసుకుంటూ వచ్చాడు. "మాస్టారూ, ఎల్లుండి షూటింగండీ బాబూ! తొమ్మిదికి ఎనిమిదిస్తే డైరెక్టరుగారు నా తల పెట్టి తొమ్మిదోది చేస్తారు."

"నీ తలకు అచ్చు చాలదయ్యా, రెండు బస్తాల ప్లాస్టర్ ఎక్కువ పడుతుంది."

"జోకులు తర్వాత. పాతవేవన్నా లేవా? వెనక వరసలో, చీకట్లో నిలబెడతాం. ఎవడు చూడొచ్చాడు?"

మాస్టారి చూపు అటక మీదికి పోయింది. సాకు కోసం కాచుక్కూర్చున్న మనసుకు సాకు దొరక్క మానదు. ముప్పై ఏళ్ళు అందరికీ బట్టలు కుట్టిన మనిషి, ఏనాడూ తెర మీద ఒక్క క్షణం కనబడలేదు. వెనక వరసలోనైతేనేం, చీకట్లోనైతేనేం అనుకున్నారు.

ఆ మధ్యాహ్నమే అచ్చుకు సబ్బునీళ్ళు పట్టించి సిలికాన్ పోశారు. గట్టిపడ్డాక కళ్ళు మూసుకుని తన మాట తాను అనుకుని విప్పారు. ముఖం చక్కగా ఊడి వచ్చింది. పాత ప్లాస్టర్ మాత్రం ఆ లాగుడుకు తట్టుకోలేక చేతుల్లోనే ఐదు ముక్కలైంది. మాస్టారు ఆ ముక్కల్ని చూడలేదు. ముఖాన్నే చూస్తూ ఉండిపోయారు. ఎడమ పెదవి కొస, బియ్యపుగింజంత సొట్ట.

కళ్ళు మూసుకున్న ముఖం అది. మరమనిషికి కళ్ళు తెరుచుకుని ఉండాలి. సన్నటి బ్లేడుతో రెప్పలు తెరిచారు. లోపల కంపెనీవాళ్ళిచ్చిన గాజుకళ్ళే పెట్టాలి. తొమ్మిది బొమ్మలకూ ఒకే రకం కళ్ళు, బూడిద రంగువి.

అమ్మాయి సాయంత్రం వచ్చి బల్ల మీద తల చూసింది. సంచి కింద పెట్టి, సూది తీసుకుని కనుబొమలు గుచ్చడం మొదలుపెట్టింది. తల్లి కుడి కనుబొమలో చిన్నప్పటి దెబ్బ తాలూకు ఖాళీ ఒకటుండేది. ఆ ఖాళీని ఎవరూ చెప్పకుండానే వదిలేసింది. అంతా అయ్యాక మాత్రం అంది, "నాన్నా, కళ్ళు అమ్మవి కావు."

"తెలుసమ్మా."

"తొందరగా పంపించెయ్ దీన్ని."

మర్నాడంతా రంగు ఆరడానికి తల ఇంట్లోనే ఉంది. మాస్టారు దాని ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. మొదట వాతావరణం గురించి మాట్లాడారు. తర్వాత మేనేజరు గురించి చెప్పి తానే నవ్వుకున్నారు. కాసేపటికి గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పని మాట చెప్పారు. "ఊపిరితిత్తుల్లో ప్లాస్టర్ పేరుకుపోయిందట. డాక్టరు ఫొటో తీసి చూపించాడు. తెల్లగా, మన అటకంత ఉంది. ఇంక ఎంతోకాలం లేదన్నట్టే మాట్లాడాడు. పిల్లకెలా చెప్పను?"

ముఖం ఆయన్నే చూస్తూ నవ్వుతోంది. పెదవి కొస అలాగే లేచి ఉంది.

ఆవిడే అయితే ఈపాటికి చేతిలో ఉన్నది విసిరికొట్టేది. 'ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావు?' అని చొక్కా పట్టుకునేది. ఆ తర్వాత వంటింట్లోకి పోయి గిన్నెలు దడదడలాడించేది. మాస్టారికి అదంతా కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. ఎదుట ముఖం మాత్రం మేనేజరు కబురు విన్నప్పుడు ఎలా నవ్విందో, చావు కబురు విన్నప్పుడూ అలాగే నవ్వింది.

లేచి తలుపు తీశారు. గుమ్మం బయట టీ గ్లాసు ఉంది. పైన మీగడ కట్టి చల్లారిపోయింది. ఈసారి దగ్గు వినబడలేదు.

ఆ పిల్ల వినేసిందని ఆయనకు అర్థమైంది. తాను చెప్పలేదు. అమ్మాయి అడగలేదు. భోజనం దగ్గర "ఉప్పు సరిపోయిందా నాన్నా?" అంది. "సరిపోయిందమ్మా" అన్నారు. అంతే.

స్టూడియోలో తొమ్మిది బొమ్మల్నీ వరసలో నిలబెట్టారు. డైరెక్టరుగారు చిన్న వయసు మనిషి, మెత్తటి మాటతీరు. వరస ముందు నడుచుకుంటూ పోయి తొమ్మిదో దాని దగ్గర ఆగిపోయారు.

"ఈవిడెవరు మాస్టారూ?"

"పాత అచ్చు సార్."

"మిగతావి బొమ్మల్లా ఉన్నాయి. ఇది ఏదో జోకు విని ఆపుకుంటున్నట్టుంది." ఆయన చాలాసేపు చూశారు. "వంటింటి గుమ్మంలో నిలబడే బొమ్మ ఇదే. హీరో ఇంటికొచ్చేది ఇదే."

రెండు రోజులు ఆ ముఖం మీదే దీపాలు వెలిగాయి. మాస్టారు మూలన స్టూలు మీద కూర్చుని పెళ్ళికొడుకులా మెరిసిపోయారు. "మా ఆవిడ హీరోయినైపోయింది" అని సెట్టు ఊడ్చే పిన్ని చెవిలో చెప్పారు. అందరికీ ఆవిడ పిన్నే. మాస్టారి భార్య జబ్బుపడ్డప్పుడు మూడు నెలలు రోజూ వచ్చి తల దువ్విన మనిషి.

మూడో రోజు మధ్యాహ్నం మేనేజరు వచ్చి పక్కన కూర్చున్నాడు. "మాస్టారూ, రేపు ఆఖరి సీను. హీరో సుత్తి తీసుకుని దాని ముఖం పగలగొడతాడు. లోపల ఇనుము కనబడాలి. ఎప్పట్లాగే లోపలి నుంచి గాట్లు పెట్టిచ్చెయ్యండి."

"దేనికి?"

"అదే, గుమ్మంలో బొమ్మకి. ఇంకో రెండు తలలు కూడా పోసివ్వండి, టేకులు పడతాయి."

"అచ్చు పగిలిపోయిందయ్యా. ఉన్నది అదొక్కటే. నాలుగు రోజులు టైమిస్తే దాన్నుంచే ఇంకో అచ్చు తీస్తాను."

"నాలుగు రోజులా? రేపు సాయంత్రానికి సెట్టు విప్పేస్తున్నారు! అయితే ఒక్క టేకే. డైరెక్టరుగారికి చెప్తాలెండి."

పగిలే ముఖానికి బయటినుంచి గాటు పెట్టరు. కెమెరాకు కనబడుతుంది. లోపలివైపు తిప్పి, సగం లోతు దాకా బ్లేడుతో గీత గీయాలి. అప్పుడు దెబ్బ పడగానే ఆ గీతల వెంట చిరుగుతుంది. ఆ పని చేసేది మాస్టారొక్కరే. ముఖం ఊడదీసి ఒళ్ళో బోర్లా పెట్టుకున్నారు. లోపలివైపు గుంటగా ఉంది. నుదుటి నుంచి ఒక గీత పెట్టారు. చెంప మీద రెండు. గడ్డం దాకా ఒకటి. పెదవుల దగ్గరికి వచ్చేసరికి బ్లేడు కదలలేదు. బలవంతంగా రెండుసార్లు ఆనించారు. మూడోసారి బ్లేడు పెట్టెలో పెట్టేసి, ముఖాన్ని యథాప్రకారం తొడిగేశారు. ముప్పై ఏళ్ళలో ఆయన సగం చేసి ఇచ్చిన పని అదొక్కటే.

మర్నాడు అంతా సిద్ధమైంది. హీరో మంచి పొగరుబోతని పేరు. సుత్తి గాల్లో తిప్పుతూ, "ఒక్క దెబ్బకే లేపేస్తా, చూస్కోండి!" అంటూ వచ్చాడు. కింద గాజుపెంకులు ఏరుతున్న పిన్ని నడుం పట్టుకుని లేచింది.

"బాబూ, ఆ ముఖం మాస్టారి ఆవిడది. కొంచెం చూసి కొట్టు నాయనా."

"చూసి కొట్టడమేంటి పిన్నీ?" అని నవ్వబోయి హీరో ఆగిపోయాడు. "ఏమన్నావు? ఎవరిది?"

పిన్ని నాలిక కరుచుకుంది.

హీరో సుత్తిని నెమ్మదిగా కింద పెట్టాడు. "నావల్ల కాదు సార్. మా అమ్మ పోయి ఏడాది తిరగలేదు. ఆ ముఖం చూస్తూ నేను కొట్టలేను."

"చేతులొక్కటే చూపిద్దాం. ఎవరో ఒకరు కొట్టండి" అన్నాడు మేనేజరు. ఫైట్ మాస్టర్ తల అడ్డంగా ఊపాడు. "నేను మనుషుల్నే కొడతాను. అదీ ఉత్తుత్తినే." దీపాలవాళ్ళు పైనుంచి కిందికి చూడటం మానేశారు. మేనేజరుకే సుత్తి అందిస్తే, వేడి గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎంత మంచివాళ్ళు! అన్నిరోజులూ ఒకరినొకరు తిట్టుకుంటూ పనిచేసే ఆ ముప్పైమందిలో, ఆ రోజు ఒక్కరూ చెయ్యెత్తలేదు.

డైరెక్టరుగారు మాస్టారి దగ్గరికి వచ్చి పక్కన చతికిలబడ్డారు. "ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ఏం చేసేవారు సార్?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "వెనక వరసలోనే ఉంచేసేవాణ్ణి." తర్వాత భుజం మీద చెయ్యి వేసి, "పోనివ్వండి. తీసుకెళ్ళిపోండి ఇంటికి. సీను ఇంకోలా ఏదో ఆలోచిస్తాను" అన్నారు.

దేవుడు ఇంత సులువుగా తిరిగిచ్చేస్తాడని మాస్టారు అనుకోలేదు. ఇంటికి తీసుకెళ్ళొచ్చు. బల్ల మీద పెట్టుకోవచ్చు. ఎదురుగా కుర్చీ వేసుకోవచ్చు. మిగిలిన ఆ కాసిని రోజులూ ఏ మాట చెప్పినా అది వింటుంది, విసుక్కోదు, ఏడవదు.

తలెత్తితే అమ్మాయి కనబడింది. బొమ్మ తల సర్దడానికి వచ్చి, చేతిలో దువ్వెనతో గోడవార నిలబడి ఉంది. గుమ్మం బయట టీ గ్లాసు పెట్టి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే, ఉండీ లేనట్టు నిలబడి ఉంది. మాస్టారు ఆ పిల్ల ముఖాన్ని ఎన్నాళ్ళకో పరీక్షగా చూశారు. కళ్ళు తల్లివే. కింద నల్లటి చారలు పడి ఉన్నాయి. ఆ నాలుగు రోజులుగా నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది.

మాస్టారు లేచారు. "హీరోగారి చొక్కా ఇవ్వండి" అన్నారు.

"మాస్టారూ!" అంది పిన్ని.

"నా చేతులే చూపించండి సార్. తెల్లగా ఉన్నాయంటారా, కొంచెం మసి పూస్తే సరిపోతుంది."

చొక్కా తొడిగారు. చేతులకు మసి పూశారు. సుత్తి బరువుగా ఉంది. ఎదురుగా ముఖం ఆయన్ని చూసి నవ్వుతూనే ఉంది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. ఈసారి ఏం అనుకున్నారో ఎవరికీ వినబడలేదు. కళ్ళు తెరిచి కొట్టారు.

నుదురు చిరిగింది. రెండో దెబ్బకు చెంపలు విచ్చుకుని ఇనుము బయటపడింది. ఒక గాజుకన్ను నేల మీద దొర్లుకుంటూ పిన్ని కాళ్ళ దగ్గర ఆగింది. మూడో దెబ్బ పడింది, నాలుగోదీ పడింది. గాటు పెట్టని చోటు మాత్రం చిరగలేదు. ముఖమంతా పోయి, నల్లటి ఇనుము మీద ఆ పెదవులొక్కటే సొట్టతో సహా వేలాడుతూ మిగిలాయి. ఎవరూ 'కట్' అనలేదు. చాలాసేపటికి డైరెక్టరుగారు చెయ్యి పైకెత్తారు.

పిన్ని ముక్కల్ని చీపురుతో ఊడ్చలేదు. ఒంగి ఒక్కొక్కటే చేత్తో ఏరింది. పెదవుల ముక్కను తన చేతిగుడ్డలో మడిచి మాస్టారి ముందు పట్టుకుంది. ఆయన తీసుకోలేదు. "పిల్లకివ్వు" అన్నారు.

సినిమా విడుదలయ్యేనాటికి మాస్టారు లేరు. ఆ సీను దగ్గర హాల్లో జనం ఊపిరి బిగబట్టారట. "హీరో చేతులు చూశావా, ఎలా వణుకుతున్నాయో! నటనంటే అదీ" అని ముందు వరసలో ఎవరో అంటుంటే అమ్మాయి వింది. వాళ్ళను సరిదిద్దలేదు.

సెట్టు విప్పిన ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్ళు బస్సులో ఇంటికి వెళ్ళారు. కూర్చోవడానికి ఒక్కటే సీటు దొరికింది. మధ్యలో దగ్గుతెర వచ్చి మాస్టారు వంగిపోతే, పక్కనున్న ఆవిడ ఏమీ అడక్కుండానే లేచి అమ్మాయికి చోటిచ్చింది. దగ్గు తగ్గాక ఆయన మసి చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసుకున్నారు.

"అమ్మడూ, నీకో మాట చెప్పాలి. పోయిన నెల డాక్టరు దగ్గరికి వెళ్ళాను."

ఆయన మొత్తం చెప్పారు. ఫొటో సంగతి, తెల్లటి మచ్చ సంగతి, ఎన్నాళ్ళన్న సంగతి. ఏ ముక్కా దాచలేదు. అమ్మాయి అంతా మొదటిసారి వింటున్నట్టే విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా 'నాకు తెలుసు' అనలేదు. అయ్యాక చేతిసంచిని ఆయన ఒళ్ళోకి గిరాటేసి, "నెలరోజులా? నెలరోజుల నుంచి దాస్తావా?" అని బస్సంతా తిరిగి చూసేలా అరిచింది. ఆయన చొక్కా పట్టుకుంది. తర్వాత ఆ చొక్కాలోనే ముఖం దాచుకుంది.

మాస్టారు మసి అంటుతుందని చేతులు ఎడంగా పట్టుకుని కాసేపు అలాగే ఉండి, చివరికి ఒక చెయ్యి ఆ పిల్ల తల మీద వేశారు.